గుమ్మడి చెక్కల మధ్య నడిచినవాళ్ళు

తాటి దూలాలు శుక్రవారం పొద్దెక్కాక కాలవమీద వచ్చాయి. పడవవాళ్ళు గెడలు వేసుకుంటూ తెచ్చి గట్టుమీది పల్లె రేవులో ఆపారు. ముఠామేస్త్రీ దేవసహాయం పంచె ఎగగట్టి నీళ్ళలోకి దిగాడు. ఒక్కొక్క దూలాన్నీ వేలికణుపులతో కొట్టి, చెవి పెట్టి విన్నాడు. చేవలేని తాడి డొల్లగా పలుకుతుంది. ఇవి గట్టిగా, పొట్టిగా పలికాయి. కోసిన మొహాలమీద నల్లటి నారలు చిక్కగా ఉన్నాయి. అరచెయ్యి ఆనించి నిమిరితే నార ఒకటి వేలికి గుచ్చుకుంది. అదీ అతనికి సంతోషంగానే ఉంది.

ఆ పల్లెలో ఆదివారం గుడిలో పాట ఎత్తేదీ అతనే, సోమవారం కామందు చేలోకి మనుషుల్ని కేకేసేదీ అతనే. సంఘపెద్దా అతనే, మేస్త్రీ అతనే. రెండు పనులకీ ఒకటే గొంతు. ఆ గొంతు ఎప్పుడు ఎవరి తరఫున పలుకుతోందని ఎవరూ అడగలేదు. అతనూ తనని తాను అడగలేదు.

కామందు జగ్గారావుగారు గొడుగు వేసుకుని గట్టుమీద నిలబడ్డారు.

"ఏం మేస్త్రీ, నచ్చాయా?"

"నచ్చడమా బాబుగారూ! మా మనవల మనవలదాకా మా గుడి కప్పుకి ఇంక దిగులు లేదండి."

"నేను ఇస్తానన్నాక ఇవ్వకుండా ఉంటానా? సరే, ఇంకో మాట. సోమవారం కిక్కిసమెరక కోతకి పెట్టు. పనలు నా కళ్ళానికి చేర్చండి."

దేవసహాయం చెయ్యి దూలంమీదే ఆగిపోయింది. "తమ కళ్ళానికా అండీ? అది మా పల్లెవాళ్ళు వేసుకున్న దాళ్వా పంట కదండీ."

"పంట ఎవడు వేస్తే ఏం? మెరక ఎవరిది? తాడేపల్లిగూడెం మిల్లాయన వచ్చి చూసుకెళ్ళాడు. కౌలుకి అడుగుతున్నాడు. కిక్కిస ఉన్నంతకాలం ఒక్కడూ అడగలేదు, ఇప్పుడు అడుగుతున్నారు."

కిక్కిస పోయింది కనక అడుగుతున్నారు. పోగొట్టింది ఎవరో కామందుకీ తెలుసు, మేస్త్రీకీ తెలుసు. నిలువెత్తు రెల్లు దుబ్బులు. కొడవలి వేస్తే కొడవలి మొండివారేది, చెయ్యి వేస్తే చెయ్యి చీరుకుపోయేది. పల్లె మొత్తం దిగి, మొదళ్ళతో సహా పెకలించి, తగలబెట్టి, దున్ని ఆ మెరకని చేను చేసింది.

"మెరక మాదేనని తమరు మాట ఇచ్చారు కదండీ బాబుగారూ, వరదప్పుడు. అందరి ఎదటా గుమ్మడికాయ కొట్టి..."

జగ్గారావుగారు పకపకా నవ్వారు. "గుమ్మడికాయ గృహప్రవేశానికీ కొడతాను. దాంతో ఇల్లు నీదైపోతుందా? కోతకూలి అందరికీ ఇచ్చేదే మీకూ ఇస్తాను. మెరకలో నీ వాటా చెక్క మాత్రం నీకు వదిలేస్తాను. పల్లె నీ మాట దాటదు. నచ్చచెప్పు."

ఆయన గొడుగు తిప్పుకుంటూ వెళ్ళిపోయారు. దేవసహాయం దూలాలు దింపించాడు. దింపించకుండా ఉండాల్సింది. కాని రేవులో పడవ ఉంది, పడవలో దూలాలు ఉన్నాయి, చేతులు వాటంతట అవే పనిలోకి వెళ్ళాయి.

ఆఖరి దూలం గట్టెక్కేసరికి అక్క సలోమి వచ్చింది. తామరాకుల గంప నెత్తినించి దించి, చుట్ట తీసి కొనకొరికి, దూలాల చుట్టూ ఒక చుట్టు తిరిగింది. మిషను అమ్మగారి దగ్గర చదువు నేర్చి, చాలాకాలం బైబిలు స్త్రీగా లంకలన్నీ తిరిగిన మనిషి. ఇప్పుడు ఉద్యోగం లేదు, నోరు మాత్రం అలాగే ఉంది.

"చూశావా అక్కా! ఏలూరు గుడికి వేసినట్టే లేవూ?"

"ఉన్నాయిరా. ఊరికే ఇచ్చాడా?"

"దేవుడి పనిమీద ఇచ్చారు."

"జగ్గారావుకి దేవుడి పని ఎప్పట్నించిరా? మొన్న జాతరకి డప్పులవాళ్ళకి గంజి కూడా పోయించలేదు." చుట్ట ముట్టించి అతని మొహంలోకి చూసింది. "మెరక అడిగాడు, అవునా?"

అతను వేలికి గుచ్చుకున్న నార పీక్కున్నాడు.

"రేవుకి వస్తుంటే మిల్లాయన బండి కనిపించిందిలే. ఒరే దేవసాయం, దేవదారు కొయ్య వేసి ఇల్లు కట్టుకుంటే రాజువైపోతావా అని యిర్మీయా ఒకడి మొహంమీదే అడిగాడు. పక్కవాడిచేత ఊరికే చాకిరీ చేయించి కట్టినవాణ్ణి. గుర్తుందా?"

"ఇది దేవదారు కాదు, తాడి," అన్నాడు దేవసహాయం.

"అబ్బో! అయితే దేవుడు పోల్చుకోలేడులే," అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది సలోమి.

*

ఆ రోజుల కొల్లేరు వేరు. కలిదిండినించి ఇటు చూస్తే చూపు ఆనే చోట గట్టు ఉండేది కాదు, నీళ్ళే ఉండేవి. ఎండాకాలం నీళ్ళు వెనక్కి జరిగేకొద్దీ నల్లమట్టి బయటపడేది. ఆ మట్టి వాసన ఒకటి ఉండేది. చేప వాసనా కాదు, గడ్డి వాసనా కాదు, రెండూ కలిసి ఎండకి కాగిన వాసన. తాటిదోనె మీద ఒక్క మనిషి నిలబడి గెడవేసుకుంటూ పోతుంటే వాడి పాట వాడు కనబడకుండా పోయాక కూడా వినబడేది. పేదవాడికి అందులో ఇంత చేప, ఇంత తామరదుంప, ఇంత గాలి దొరికేవి. భూమి మాత్రం దొరికేది కాదు. భూమి ఎప్పుడూ గొడుగు వేసుకుని గట్టుమీద నిలబడినవాళ్ళదే.

శనివారం పల్లె అంతా కోతల సందడి. దెందులూరునించి వచ్చిన కమ్మరి చింతకింద కూర్చుని కొడవళ్ళ పళ్ళకి కక్కులు పెడుతున్నాడు. ఆడవాళ్ళు గడ్డి తడిపి పనలు కట్టే వెంట్లు పేనుతున్నారు. దేవసహాయం భార్య మరియమ్మ గుమ్మంలో గాదె బుట్టకి పేడ అలుకుతోంది. లోపలిభాగం అలికింది, ఆరబెట్టింది, మళ్ళీ అలుకుతోంది.

"ఎన్నిసార్లు అలుకుతావే దానికి?"

"ఉండవయ్యా. మన ఇంట్లో మన ధాన్యం పోసుకోవడం నేను ఎప్పుడూ చూళ్ళేదు. కామందు గాదెలు అలికీ అలికీ చేతులు అరిగాయి. ఇదొక్కటి నా ఇష్టమొచ్చినట్టు అలుక్కోనీ." మోచేత్తో నుదురు తుడుచుకుంది. "మొదటి మానెడు గుడికి. తరవాత విత్తనం. ఆ తరవాతే మన నోట్లోకి. ఏం, అలా చూస్తావు?"

"ఏం లేదు," అని బయటికి వచ్చేశాడు.

ఉపదేశి నిత్యానందంగారు గుడిపాక పక్క అరుగుమీద కూర్చుని రేపటి ప్రసంగం చూసుకుంటున్నారు. ఏలూరులో ట్రైనింగు అయి వచ్చిన కుర్రాయన. మెత్తటి మనిషి.

"రండి పెద్దగారూ, కూర్చోండి. దూలాలు చూశానండి, చాలా బాగున్నాయి."

"రేపు ఏం చదువుతున్నారండి పంతులుగారూ?"

"వరసగా యిర్మీయానే కదండి. సిద్కియా రాజు దాసుల్ని విడిచిపెడతానని మాటిచ్చి తప్పిన భాగం వచ్చిందండి."

దేవసహాయం అరుగు అంచున గోటితో గీరాడు. "అది తరవాత చదువుకుందామండి. రేపు సొలొమోను గుడి కట్టిన సంగతి చెప్పండి. దూలాలు వచ్చాయి కదా, సందర్భంగా ఉంటుంది."

"వరస తప్పుతుందేమోనండి."

"తప్పితే ఏమండీ? దేవుడి మాట ఎక్కడ చదివినా దేవుడి మాటే. పైగా ఎల్లుండి కోతలు. మనుషుల మనసులు ఎటూ కదలకూడదు. కామందుగారితో పని."

నిత్యానందంగారికి అర్థమైంది. ఆయన జీతంలో సగం మిషనుది, సగం సంఘం గింజలు. ఆ గింజలు కొలిచేది దేవసహాయం. "మీ ఇష్టమండి," అని పుస్తకంలో గుర్తు పెట్టిన తాటాకుముక్క తీసి వెనక్కి ఎక్కడికో జరిపారు.

దేవసహాయం గుడిపాకలోకి వెళ్ళి నిలబడ్డాడు. కిక్కిస కప్పులోంచి ఎండ చుక్కలు చుక్కలుగా నేలమీద పడుతోంది. ఎండ పడ్డ ప్రతిచోటా వాన కూడా పడుతుంది. చిన్నప్పుడు తండ్రి అతన్ని భుజంమీద ఎక్కించుకుని క్రిస్మసుకి ఏలూరు నడిపించుకుపోయాడు. పెద్ద గుడిలో కూర్చున్నాక ముసురు పట్టింది. పెంకులమీద వాన చప్పుడు వినిపిస్తోంది, ఒంటిమీద చుక్క పడటం లేదు. వాన వింటూ తడవకపోవడం అతనికి అదే మొదటిసారి. "నాన్నా, వాన ఎక్కడ కురుస్తోంది?" అని అడిగాడు. "దొరల నెత్తినరా," అన్నాడు తండ్రి, పక్కవాళ్ళు నవ్వారు. ఆ చప్పుడు పల్లెకి తేవాలని అప్పట్నించీ ఉంది. కల చెడ్డది కాదు. దానికోసం ఏం అమ్ముతున్నాడో చూసుకోలేదు, అంతే.

*

ఆదివారం పాట ఎత్తాడు. ఎప్పటిలాగే జనం అందుకున్నారు. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యలో తాటాకుచాప. బయట దూలాలు పేర్చి ఉన్నాయి, లోపలికి వచ్చిన ప్రతివాడూ వాటిని తాకి వచ్చాడు.

నిత్యానందంగారు సొలొమోను గుడి గురించి చెప్పారు. ఎన్ని రాళ్ళు, ఎన్ని స్తంభాలు, బంగారు రేకు ఎక్కడెక్కడ తాపడం చేశారు. చెబుతున్నంతసేపూ ఆయన కళ్ళు పుస్తకంమీంచి లేవలేదు. ముగించబోతుంటే ఆడవాళ్ళ వైపునించి సలోమి లేచింది.

"పంతులుగారూ, పోయిన వారం వదిలింది ఇక్కడ కాదండి."

"అక్కా, కూర్చో," అన్నాడు దేవసహాయం.

"కూర్చుంటాలే, మోకాళ్ళు నావే." ఆమె జనం వైపు తిరిగింది. పుస్తకం తియ్యలేదు. లంకల్లో కలుపుతీతల్లో చెప్పినట్టే చెప్పింది. "యెరూషలేము చుట్టూ శత్రువులు దిగారు. ఊరి పెద్దలకి ప్రాణం గొంతులోకి వచ్చింది. అప్పుడు గుర్తొచ్చారు పాలేళ్ళు. మిమ్మల్ని విడుదల చేసేస్తాం అన్నారు. గుడిలో దూడని రెండుగా నరికి ఆ ముక్కల మధ్య నడిచారు. మాట తప్పితే మా గతీ ఇంతే అని. శత్రువు కాస్త వెనక్కి తగ్గాడు. తగ్గాడో లేదో, విడిచిన వాళ్ళని మళ్ళీ ఈడ్చుకొచ్చి కాడికి కట్టారు. వింటున్నారా? నీళ్ళు గట్టు అంచున ఉన్నప్పుడు ఒక మాట, నీళ్ళు దిగాక ఒక మాట."

మగవాళ్ళ వైపునించి మెడలన్నీ ఆమె వైపు తిరిగాయి.

"అప్పుడు యిర్మీయా వచ్చాడు. విడుదల అన్నారు కదా, చెయ్యలేదు కదా. ఇదుగో, ఇప్పుడు దేవుడే మీకు విడుదల చాటిస్తున్నాడు. కత్తిపాలు, తెగులుపాలు, కరువుపాలు కండి, పొండి అన్నాడు. రాజు విన్నాడా? యిర్మీయాని బురదగోతిలో దింపించాడు. తరవాత ఆ రాజు కళ్ళు పోయాయి, పట్నం పోయింది, గుడీ పోయింది. సొలొమోను కట్టాడని ఇందాక పంతులుగారు చెప్పిన ఆ గుడే."

నిత్యానందంగారు తల దించుకున్నారు.

"వరదప్పుడు మన గట్టు చిల్లిపడితే, కామందు చేలు మునిగిపోకుండా ఒంటికి ఒళ్ళు ఆనించి నిలబడ్డాం. జగ్గారావుగారు వచ్చి మెరక మీదే అన్నారు. దూడ కథ నేనే చెప్పాను, మేం దూడని నరకం, గుమ్మడికాయ చాలు అన్నారు. నరికారు. నడిచారు. నువ్వూ నడిచావు తమ్ముడూ, ఆయన వెనకాలే, పంచె ఎత్తి పట్టుకుని. ముక్కల మధ్య నడిచిన ప్రతివాడినీ అన్నాడు దేవుడు, ముందు నడిచినవాణ్ణి ఒక్కణ్ణే అనలేదు." ఆమె కూర్చుంది.

దేవసహాయానికి చెవులు వేడెక్కాయి. ఇంక దాచి లాభం లేదనుకున్నాడు. నిలబడి చెప్పేశాడు. రేపు కోత. పనలు కామందుగారి కళ్ళానికి. కోతకూలి ఇస్తారు. మెరక మిల్లాయన కౌలుకి పోతుంది. "పెద్దవాళ్ళతో తగువు పెట్టుకుని బతకలేం. వాళ్ళ గట్టుమీద వాళ్ళ నేలలో ఉంటున్నాం. మెరక పోతే పోయింది, గుడి మిగులుతుంది. నాకు మాత్రం బాధ లేదా? నా చేతులు చూడండి."

చేతులు చాపాడు. కిక్కిస కోసిన గీతలు అరచేతుల్లో ఉన్నాయి. ఎవరూ చూడలేదు. అందరికీ ఉన్నాయి.

"ప్రార్థన చేద్దాం," అన్నాడు. చేశాడు. వర్షాలు, పంటలు, కామందుగారి కుటుంబం, గుడి కప్పు, అన్నీ అడిగాడు. ముగించి ఆగాడు.

ఎవరూ ఆమేన్ అనలేదు.

ఆ పల్లెలో ఆమేన్ అనకపోవడం అంటే ఏమిటో పుట్టిన పిల్లకి కూడా తెలుసు. తుమ్మినా ఆమేన్ అనే మనుషులు. దేవసహాయం విన్నాడు. విని, ఎండకి అలిసిపోయారులే అని తనకి తాను చెప్పుకున్నాడు. తానే ఆమేన్ అనుకుని చాప చుట్టించాడు.

ఇంటికి వెళ్ళేసరికి మరియమ్మ గాదె బుట్ట బోర్లించి, దానిమీద కూర్చుని ఉంది. అన్నం పెట్టింది. మళ్ళీ వెళ్ళి బుట్టమీదే కూర్చుంది. అతను పొద్దుగూకకుండానే పడుకుని ఒళ్ళెరగకుండా నిద్రపోయాడు.

*

సోమవారం తెల్లవారుతూనే గట్టుమీద నిలబడి కేక వేశాడు. నాట్లకి ఒక కేక, కోతకి ఒక కేక. కోత కేక పొడుగ్గా, చివర పైకి లేస్తుంది. లేచింది. కొల్లేటిమీద పోయి తిరిగి వచ్చింది. ఏ గుమ్మంలోంచీ దగ్గు కూడా వినబడలేదు.

మొదటి ఇంటికి వెళ్ళాడు. తలుపుతడిక లేదు. లోపల మంచం లేదు, కుండ లేదు. పొయ్యిలో బూడిద ఎత్తేసి అలికి ఉంది. రెండో ఇల్లూ అంతే. నిట్రాడు పీకిన గోతులు, ఆ గోతుల చుట్టూ తడిమట్టి. రేవులో దోనె ఒక్కటే మిగిలింది, అతనిది.

పరుగెత్తుకుని తన ఇంటికి వచ్చాడు. మరియమ్మ పశువులకి వెళ్ళిందనుకుని లేచి వచ్చాడు ఇందాక. దండెంమీద ఆమె రెండో చీర లేదు. గాదె బుట్ట లేదు.

గుడిపాక మాత్రం అలాగే ఉంది. ఒక్క గడ్డిపరక ముట్టుకోలేదు. దాని ముందు దూలాలు పేర్చినవి పేర్చినట్టే.

జగ్గారావుగారు కళ్ళంనించి నడిచి వచ్చారు. "మనుషులేరయ్యా?"

"వెళ్ళిపోయారండి."

"ఎక్కడికి?"

"విడుదల అయిపోయారండి," అన్నాడు దేవసహాయం. ఆ మాట ఎందుకు వచ్చిందో అతనికే తెలియలేదు.

జగ్గారావుగారు దెందులూరుకి మనిషిని పంపారు, కలిదిండికి పంపారు. కోతలు అన్నిచోట్లా ఒకేసారి. ముఠాలన్నీ చేలల్లో ఉన్నాయి. ఒకటి రెండు ముఠాలు ఖాళీగా ఉన్నా, సలోమమ్మ వదిలేసిన చేనా, మాకొద్దు బాబూ అన్నారట. ఆమె బైబిలు చెప్పని లంక లేదు, పురుడు పొయ్యని ఇల్లు లేదు.

"నువ్వు దిగు," అన్నారు జగ్గారావుగారు.

దేవసహాయం కొడవలి తీసుకుని ఒక్కడూ మెరకలోకి దిగాడు. ఎంతో కాలం తరవాత వరసలో నిలబడ్డాడు. వరస లేదు, తనొక్కడే. పంట పండి మిగలముగ్గింది. దంటు పట్టుకుంటే చాలు, గింజలు టపటపా రాలుతున్నాయి. పడమటి గాలి వేసినప్పుడల్లా చేను మొత్తం సన్నగా చప్పుడు చేస్తోంది. గిజిగాళ్ళు గుంపులుగా దిగి, అతనికి కొంచెం దూరంలోనే, భయం లేకుండా తింటున్నాయి. సాయంత్రానికి కోసింది మడికి ఒక మూల. మంగళవారం ఇంకో మూల. నడుం పట్టేసింది. చేలో గంజి తాగుతుంటే పక్కన ఎగతాళి చేసేవాడు లేడు, పాట ఎత్తేది లేదు. ఆడవాళ్ళ కోతపాటలు తను కసురుకుని ఆపించిన సందర్భాలు గుర్తొచ్చాయి. మాటలు తక్కువ, చేతులు ఎక్కువ అనేవాడు. ఇప్పుడు మాటలు అసలే లేవు.

బుధవారం జగ్గారావుగారి గొంతు తగ్గింది. "మీవాళ్ళు ఎక్కడున్నారో నీకు తెలియకుండా ఉండదు. వెళ్ళి తీసుకురా. సగం ఇస్తానని చెప్పు. మిల్లాయనకి సర్ది చెబుతాలే. ఊడ్పులకి మనుషులు లేకపోతే నా భూమంతా బీడు పడుతుందయ్యా."

మొదటిసారి కామందు మొహంమీద వరదనాటి భయం కనిపించింది. దేవసహాయం ఆ మొహాన్ని గుర్తుపట్టాడు.

*

దోనె వేసుకుని వెళ్ళాడు. ఎవరి పట్టాకీ చెందని లంక ఒకటి కొల్లేటి నడుమ ఉందని అందరికీ తెలుసు. తామరలు దాటి, జమ్ము చీల్చుకుని వెళ్ళేసరికి పొద్దు వాలుతోంది. దూరంనించే గునపాల చప్పుడు వినిపించింది.

లంకమీద అందరూ ఉన్నారు. గుంజలు పాతుతున్నారు, కిక్కిస కోస్తున్నారు. మళ్ళీ మొదటినించీ. ఆడవాళ్ళు పాట పాడుతున్నారు. అతను దిగాడని పాట ఆపలేదు, పెంచలేదు. నిత్యానందంగారు చొక్కా విప్పి, తెల్లటి ఒంటిమీద బురదతో, తాడు పట్టుకుని నిలబడి ఉన్నారు.

"రండి పెద్దగారూ," అని నాలుక కరుచుకున్నారు. తరవాత మెల్లిగా, "ఆయన ఏమన్నా కబురు పంపారా అండి?"

"సగం ఇస్తానన్నారు."

సలోమి కిక్కిస కట్ట కిందపడేసి నడుం నిలబెట్టింది. "సగం గుమ్మడికాయా?"

జనం నవ్వారు. దేవసహాయానికి ఆ నవ్వు విని ఏడుపు వచ్చింది. అందరూ కలిసి నవ్వితే వచ్చే చప్పుడు ఎలా ఉంటుందో అతను ఈ మూడు రోజుల్లో మరిచిపోయాడు.

"పంట అంతా రాలిపోతోందక్కా. మనం చల్లిందే."

"తెలుసురా. మా గుండె రాయి కాదు. కాని మన పంట మనమే కూలికి కోసి వాడి కళ్ళంలో పొయ్యడం కన్నా రాలిపోవడమే నయం. వెళ్ళి చెప్పు. చెప్పి నీ గుడి కట్టుకో. దూలాలు మంచివి."

అతను వెళ్ళలేదు. నిలబడ్డాడు. పొద్దు నీళ్ళమీద పరుచుకుంది. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. కామందు అక్కడ ఎదురుచూస్తుంటాడని అతనికి తెలుసు. దోనె నీళ్ళలోంచి పైకి లాగి, బోర్లా తిప్పేశాడు.

మరియమ్మ లంక చివర ఉంది. గాదె బుట్ట పక్కన పెట్టుకుని, నాలుగు మేకులు పాతి, తాడు కట్టి, ఇల్లు కొలుచుకుంటోంది. దగ్గరికి వెళ్ళి చూశాడు. ఒక మంచం పడితే నిండిపోయేంత చోటు.

"ఇంత చిన్నదేమిటే?"

"నేనొక్కదాన్నే అనుకున్నాను." తల ఎత్తకుండానే అంది.

అతను అక్కడే గొంతుక్కూర్చున్నాడు. ఆమె తాడు బిగించింది, వదులు చేసింది, మళ్ళీ బిగించింది. చాలాసేపటికి ఒక మేకు పీకి, అతన్ని చూడకుండా, ఒక మూర అవతలికి జరిపి పాతింది. రాయి తీసుకుని కొట్టింది. రెండో మేకు దగ్గరికి వెళ్ళింది. అదీ ఒక మూర జరిపింది.

ఇంకో మూర జరుపుతుందేమోనని చూశాడు.

ఆమె రాయి అతని ముందు పడేసింది. "కొట్టు. వదులుగా ఉంది."

అతను కొట్టాడు.